పిన్ను కొట్టిన పేజీలు

మార్చి నెలలో మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబడితే అవతలి రోడ్డు కనపడదు. వినుకొండ వైపు నుంచి, మార్కాపురం వైపు నుంచి వచ్చిన మిరపకాయల లారీలు, ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉంటాయి. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో ఉంటుంది మా స్టోరేజీ. గేటు పక్కనున్న చిన్న గదిలో కూర్చుని, ఏ రైతు బస్తాలు ఏ గదిలోకి వెళ్లాయో చీటీలు రాసివ్వడం నా పని. పద్దెనిమిదేళ్లుగా అదే కుర్చీ, అదే ఘాటు, అవే తుమ్ములు. మా ఆయన ఉద్యోగం కూడా అక్కడే. గదుల్ని చల్లగా ఉంచే అమ్మోనియా కంప్రెసర్లు ఆయన చూసుకుంటారు.

ఆ ఉద్యోగం చేసుకుంటూనే నవలలు రాశాను. ఎక్కువ మందికి తెలిసిన రచయిత్రిని కాదు. నా పుస్తకాలు చదివి ఉత్తరం రాసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిదాన్ని, ఆ మార్చిలో ఒకే వారంలో రెండు మంచి కబుర్లు విన్నాను. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల మీద రాసిన నా నాలుగో నవల రెండు పురస్కారాల పరిశీలనకు ఎంపికైంది. ఒకటి విజయవాడ వాళ్లది, ఇంకొకటి హైదరాబాదు వాళ్లది. రెండు జాబితాలూ ఒకే శుక్రవారం నాడు బయటికొచ్చాయి. ఆ పై వారం ఆదివారం నా అయిదో నవల ఆవిష్కరణ. అది నా మొదటి థ్రిల్లర్. ఒక కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకవుతుంది. అందరూ బయటికి పరిగెడతారు. గాలి తేటపడ్డాక లోపలికి వెళ్లి చూస్తే మిరప బస్తాల మధ్య ఒక వ్యాపారి చనిపోయి ఉంటాడు. గ్యాస్ వల్ల పోయాడని అందరూ అనుకుంటారు. గేటు దగ్గర చీటీలు రాసే ఆవిడ ఒక్కతే అనుకోదు. అదీ కథ.

శుక్రవారం జాబితాలు వచ్చిన గంటలోపే అక్కయ్య ఫోన్ చేసింది.

అక్కయ్య నాకు రక్తసంబంధం కాదు. పొన్నూరు దగ్గర హైస్కూల్లో తెలుగు టీచరు. నాకంటే ఐదేళ్లు పెద్ద. పన్నెండేళ్ల కిందట తెనాలిలో కథలు రాసేవాళ్ల సమావేశంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా కథ అడిగి తీసుకుని, విస్తరి ముందు పెట్టుకునే చదివేసింది. మూడోపేజీ నుంచి మొదలుపెట్టాల్సిన కథను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టానని చెప్పింది. ఆ మాట నిజం. ఆ రోజు నుంచి నేను రాసిన ప్రతిదీ ముందు ఆవిడే చదివింది. ఒకసారి చదివిన పేరాను ఏళ్ల తర్వాత కూడా చూడకుండా అప్పజెప్పేది. నేను నోటు పుస్తకాల్లో చేత్తో రాస్తాను. నిండిన పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఆదివారం పొన్నూరు బస్సెక్కేదాన్ని. ఆవిడ ఎర్ర సిరా పెన్నుతో, పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దేది. అక్కర్లేదనుకున్న పేజీలను చింపనిచ్చేది కాదు. మధ్యకు మడిచి, అంచుల వెంట స్టేప్లరుతో మూడు పిన్నులు కొట్టేది. రాసింది పారెయ్యకూడదు, ఎప్పుడైనా కావాలంటే విప్పుకోవచ్చు అనేది.

తనూ చిన్నతనంలో మంచి కథలు రాసింది. ఒక కథకు బహుమతి కూడా వచ్చింది. నవల ఒకటి మొదలుపెట్టానని మేం కలిసిన మొదటి ఏడాది చెప్పింది. తర్వాత రెండు మూడేళ్లు నేను అడిగేదాన్ని, ఆవిడ నవ్వి ఊరుకునేది. ఆ తర్వాత అడగడం మానేశాను. ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

ఆ శుక్రవారం ఫోన్లో ఆవిడ గొంతులో ఉన్నది సంతోషమేనని నేను ఈనాటికీ ప్రమాణం చేసి చెప్పగలను. ఇన్నాళ్లకు వాళ్లు కళ్లు తెరిచారంది. విజయవాడ వాళ్లిస్తే ఏ చీర కట్టుకోవాలో కూడా తనే చెప్పింది. ఆదివారం ఆవిష్కరణ సభలో థ్రిల్లర్ మీద మాట్లాడేది ఆవిడే. ఏం మాట్లాడాలో రాసుకుంటున్నానని చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం లారీల రద్దీ కాస్త తగ్గాక ఫేస్‌బుక్‌లో ఆ రెండు కబుర్లూ పెట్టాను. కొత్త పుస్తకం అట్ట ఫొటో, రెండు జాబితాల ఫొటోలు. కింద మా ఆయనకు, ప్రచురణకర్తకు, నా పుస్తకాలన్నీ కంప్యూటర్లో కొట్టిపెట్టే డి.టి.పి. భాయ్‌కి, మిత్రులందరికీ కృతజ్ఞతలు రాశాను. అక్కయ్య ప్రస్తావన విడిగా తేలేదు. కావాలనే తేలేదు. ఎందుకంటే థ్రిల్లర్‌ను ఆవిడకే అంకితం ఇచ్చాను. 'నా ప్రతి మాటనూ నాకంటే ముందు నమ్మిన అక్కయ్యకు' అని మొదటి పేజీలో అచ్చయి ఉంది. ఆ సంగతి ఆవిడ సభలోనే, పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడే చూడాలని నా కోరిక. పోస్టు పెట్టిన నిమిషంలో మొదటి లైకు ఆవిడదే.

గురువారం పొద్దున విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. పురస్కార కమిటీ కార్యదర్శి. పెద్దాయన, మర్యాదస్తుడు. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, నా నవల మీద ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందన్నారు. ఆ నవల నేను రాసింది కాదట. పొన్నూరు పక్క పల్లెలో ఉండి చనిపోయిన ఒక తెలుగు మాస్టారు రాశారట. ఆయన పోయాక వాళ్లింటికి వెళ్లి, ఆయన భార్య దగ్గర్నుంచి నోటు పుస్తకాలు తెచ్చుకుని, నా పేరుతో అచ్చేయించుకున్నానట. ఆ పుస్తకాల అట్టల మీద మాస్టారి పేరు ఇప్పటికీ ఉందట. కావాలంటే తెప్పించి చూసుకోమని రాశారట.

గేటు బయట ఒక ట్రాక్టరు ఇంజను ఆపకుండా మోగుతోంది. నేను కిటికీ తలుపు వేసి, ఒక చెవి చేత్తో మూసుకున్నాను.

ఆయన మొహమాటంగా ఇంకో మాట చెప్పారు. మీ పుస్తకంలో లేని ఒక పేరా అసలు రాతప్రతిలో ఉందని ఉత్తరంలో ఎత్తి రాశారండీ, చదువుతాను వినండి అన్నారు. చదివారు.

సాయంత్రం పని నుంచి ఇంటికొచ్చిన తల్లి. చేతులు కొబ్బరినూనెతో రుద్దుకుంటుంది. మజ్జిగతో కడుక్కుంటుంది. అయినా వేళ్ల సందుల్లో మిరపకాయ మంట పోదు. ఏడుస్తున్న చంటిబిడ్డను అరచేతులతో ముట్టుకోవడానికి భయపడి, రెండు మోచేతుల మధ్య ఎత్తుకుంటుంది.

ఆ వాక్యాలు నావి. మా వీధి చివర ఒకావిడ అలా బిడ్డను ఎత్తుకోవడం కళ్లారా చూసి రాసుకున్నవి. పుస్తకంలో లేవు. అచ్చుకు ఇచ్చేముందే తీసేశాను. మూడేళ్లుగా నేనే మర్చిపోయిన మాటలు వేరొకరి గొంతులో విన్నాను.

నోటు పుస్తకాల సంగతి కూడా సగం నిజమే. ఆ మాస్టారు నాకు పదో తరగతిలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక ఏదో రాయాలని గట్టి అట్టలున్న పెద్ద నోటు పుస్తకాలు డజను కొనుక్కున్నారు. ఒక్కొక్కదాని మీద లేబులు అంటించి, ముత్యాల్లాంటి అక్షరాలతో తన పేరు రాసుకున్నారు. లోపల ఒక్క అక్షరం రాయకుండానే పోయారు. నేను పలకరించడానికి వెళితే, మాస్టారి భార్య ఆ ఖాళీ పుస్తకాలన్నీ నా చేతిలో పెట్టి, నువ్వన్నా రాయమ్మా అన్నారు. వాటిలోనే నా నాలుగో నవల రాశాను. లేబుళ్లు పీకబుద్ధి కాలేదు. ఈ సంగతి బయట చెప్పుకునేది కాదు అనిపించి ఎవరికీ చెప్పలేదు. ఒక్క అక్కయ్యకు తప్ప.

కాని ఆ పుస్తకాలు ఇంకో మనిషి చేతిలో కూడా పడ్డాయి. డి.టి.పి. భాయ్. గుంటూరు అరండల్‌పేటలో ఆయనదొక చిన్న గది. నా నవలలన్నీ ఆయన వేళ్ల కిందనే అక్షరాలయ్యాయి. ఆయన అయ్యుండాలి అని నాకు నేను చెప్పుకున్నాను. థ్రిల్లర్ రాసేదాన్ని కదా, అనుమానం ఎవరి మీద పెట్టుకోవాలో మనసు ముందే ఏర్పాటు చేసుకుంది. ఆయన మీద పెట్టుకుంటే నాకు తక్కువ నొప్పి.

శుక్రవారం అన్నం వేళకు ఆయన దగ్గరికి వెళ్లాను. ఎలా అడగాలో తెలియక డొంకతిరుగుడుగా మొదలుపెట్టి, చివరికి ఉత్తరం సంగతంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మేడం, నన్ను అడగడానికే వచ్చారుగా?"

నేను బల్ల మీది కళ్లజోడు వైపు చూశాను.

"పిన్ను కొట్టిన పేజీ నేనెందుకు విప్పుతానండీ. మళ్లీ పిన్ను కొట్టాలంటే పాత చిల్లుల్లో పడదు. ఇంటికెళ్లి చూసుకోండి, మీకే తెలుస్తుంది."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. టీ తెప్పించారు గాని నేను తాగలేకపోయాను.

ఇంటికి వచ్చి నోటు పుస్తకాలు దించాను. నాలుగో నోటు పుస్తకంలో ఆ పేజీ మడిచి ఉంది. మూడు పిన్నులూ తుప్పు పట్టి కాగితానికి కరుచుకుని ఉన్నాయి. తుప్పు మరక రెండు పక్కలా ఒకేచోట, చెక్కుచెదరకుండా ఉంది. కొట్టిన రోజు నుంచి ఆ పిన్నులు ఎవరూ విప్పలేదు. అంటే, ఆ పేరా చదివింది పిన్ను కొట్టకముందే. పిన్ను కొట్టకముందు ఆ పుస్తకం చూసింది ఇద్దరం. నేనూ, పిన్ను కొట్టిన మనిషీ.

మా ఆయన నవలలు చదవరు. నా థ్రిల్లర్‌లో అమ్మోనియా ఏ పైపులోంచి ఎలా లీకవుతుందో మాత్రం నాలుగు రోజులు కూర్చోబెట్టి చెప్పారు. ఆయన పక్కన కూర్చుని నేను చెప్పిందంతా విన్నారు.

"ఎవరికిచ్చావో నీకు తెలుసుగా. మళ్లీ నన్నడుగుతావేంటి," అన్నారు.

ఆదివారం సభకు ఆవిడను రావద్దని చెప్పమన్నారు. నేను చెప్పనన్నాను. కార్డులు పంచేశాం గనక అన్నాను. అసలు కారణం అది కాదు. ఆవిడ మొహం చూడాలని ఉంది. ఆ కోరికకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం నోటు పుస్తకాలన్నీ రెండు సంచుల్లో సర్దుకుని విజయవాడ బస్సెక్కాను. కార్యదర్శి గారి ఇంట్లో ఆయనతో పాటు కమిటీ పెద్దలు ఇంకో ఇద్దరున్నారు. మంచినీళ్లిచ్చారు. అట్టల మీద మాస్టారి పేరు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపలి చేతిరాత నాదేనని నేను చెప్పాను. అప్పుడు వాళ్లలో ఒకాయన, ఏమీ అనుకోకండమ్మా అంటూనే, ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టారు. కార్యదర్శి గారు నా నవల తెరిచి చదువుతుంటే నేను రాయాలి.

నలభై ఎనిమిదేళ్ల వయసులో, నేను రాసిన నవలే నాకు డిక్టేషన్ చెబుతుంటే రాశాను. రోజుకు వందల చీటీలు రాసే చెయ్యి. 'తొడిమ' అన్న మాట దగ్గర వణికి, అక్షరం వంకరపోయింది. కొట్టేసి మళ్లీ రాద్దామనుకున్నాను. కొట్టేస్తే అనుమానిస్తారేమోనని అలాగే వదిలేశాను. అర పేజీ అయ్యాక చాలన్నారు. కాగితాన్ని నోటు పుస్తకం పక్కన పెట్టి ముగ్గురూ వంగి చూశారు. ఆ రెండు నిమిషాలూ నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత నేనే ఆ మడత పేజీ చూపించాను. కార్యదర్శి గారు పిన్నులు విప్పారు. తుప్పు పొడి బల్ల మీద రాలింది. పేజీలో ఉత్తరంలోని పేరా అక్షరం పొల్లుపోకుండా ఉంది, నా చేతిరాతలో, నా కొట్టివేతలతో, మార్చుకున్న మాటలతో. పక్కన మార్జిన్‌లో గుండ్రటి అక్షరాలతో ఎర్ర సిరా: 'ఇది వద్దు. ఏడిపించాలని రాసినట్టుంది.'

ఈ ఎర్ర సిరా ఎవరిదని అడిగారు. నా రాతలు మొదట చదివే ఆవిడదన్నాను. పేరు చెప్పమన్నారు. చెప్పలేదు. దాన్ని వాళ్లు నా మంచితనం అనుకున్నట్టున్నారు. మంచితనం కాదు. ఆ పేరు బయటికంటే, పన్నెండేళ్లు నేను ఎవర్ని నమ్మానో ముగ్గురు కొత్తవాళ్ల ముందు ఒప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు.

ఉత్తరం పక్కన పెడుతున్నామనీ, పుస్తకం జాబితాలోనే ఉంటుందనీ చెప్పారు. లేచేముందు ఉత్తరం వచ్చిన కవరు ఒకసారి చూస్తానన్నాను. తెనాలి పోస్టాఫీసు ముద్ర. శనివారం తేదీ. ఆవిడ నాకు ఫోన్ చేసి, ఏ చీర కట్టుకోవాలో చెప్పిన మర్నాడు.

ఆదివారం పొద్దున గుంటూరు బ్రాడీపేటలో సభ. అక్కయ్య అందరికంటే ముందు వచ్చింది. పొన్నూరు నుంచి మల్లెపూలు తెచ్చి, నా తలలో తనే పెట్టింది. ఆవిడ వేళ్లు నా మెడకు తగులుతుంటే నేను కదలకుండా నిలబడ్డాను. హాల్లో యాభై మంది దాకా ఉన్నారు. మా స్టోరేజీ గుమస్తాలు, ఇద్దరు ముగ్గురు రైతులు కూడా వచ్చారు. డి.టి.పి. భాయ్ వస్తారో రారో అనుకున్నాను. వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

పుస్తకాల కట్ట విప్పి వేదిక మీద అందరికీ తలా ఒకటి ఇచ్చారు. ఆవిడ అట్ట తిప్పింది. మొదటి పేజీ వచ్చింది. అక్కడ ఆగింది.

అంకితం ఒక్క వాక్యం. చదవడానికి అంతసేపు పట్టదు. ఆవిడ తల ఎత్తలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. నేను చూడాలనుకున్న మొహం అదే. చూశాను. చూస్తే తేలికపడతాననుకున్నాను గాని ఏమీ కాలేదు.

తన వంతు వచ్చినప్పుడు లేచి ఇరవై నిమిషాలు మాట్లాడింది. రాసుకొచ్చిన కాగితం తియ్యలేదు. నా థ్రిల్లర్ గురించి అంత బాగా ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. హంతకుడెవరో తెలిశాక కూడా పాఠకుడు పుస్తకం మూయడనీ, ఎందుకంటే చంపినవాడు చనిపోయినవాడికి ఎంత దగ్గరివాడో చివరిదాకా ఈ రచయిత్రి మనల్ని మర్చిపోనివ్వదనీ అంది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సభ అయ్యాక అందరూ టిఫిన్ల దగ్గర మూగారు. నేను ఆవిడను హాలు వెనక వరండాలోకి రమ్మన్నాను. ఎదురుగా ఎండలో సైకిళ్లు, బళ్లు నిలబెట్టి ఉన్నాయి.

"అక్కా, నాలుగో నోటు పుస్తకంలో నువ్వు కొట్టిన పిన్నులు నిన్న విప్పారు," అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. కొంగు సర్దుకుంది.

"ఎవరు?"

"విజయవాడలో. నా చేత డిక్టేషన్ కూడా రాయించుకున్నారు."

కాదంటుందేమోనని ఎదురు చూశాను. కాదంటే నమ్మడానికి నేను సిద్ధంగా ఉన్నానని ఆ క్షణంలో తెలిసింది.

"ఆ పోస్టులో డి.టి.పి. చేసినాయనకు కూడా థాంక్స్ చెప్పావు. పన్నెండేళ్లు దిద్దాను. నేను మిత్రులందరిలో ఒకదాన్ని," అంది.

నేను పోస్టు పెట్టింది సోమవారం. ఆవిడ ఉత్తరం వేసింది అంతకు రెండ్రోజుల ముందు శనివారం. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఆవిడ ఆ కారణం తర్వాత వెతుక్కుని తెచ్చుకుంది, నాకు చెప్పడానికో, తనకు తను చెప్పుకోవడానికో. దాన్ని కూడా లాక్కుంటే ఇంక మా మధ్య మాటలేవీ మిగలవు.

"మాస్టారి పేరు ఎందుకు తెచ్చావు? నీకు ఒక్కదానికే చెప్పాను," అన్నాను.

అప్పుడు చూసింది నా వైపు. కళ్లలో నీళ్లున్నాయి, కాని నన్ను క్షమించమని అడిగే చూపు కాదు అది.

"నీకు ఖాళీ పుస్తకాలిచ్చినా నిండుతాయి," అంది.

అంతే. లోపలికి వెళ్లి తన సంచి తీసుకుంది. అంకితం ఉన్న పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. మా ఆయనకు వెళ్లొస్తానని చెప్పింది. ఆయన తల ఊపారు. ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆవిడ నాకు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

తర్వాతి వారం మాస్టారి ఊరు వెళ్లాను. ఈ పుకారు ఆయన భార్య చెవిన ఇంకొకరి నోటి నుంచి పడకముందే నేనే చెప్పాలనిపించింది. ఆవిడకు ఎనభై దాటాయి. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మొత్తం విన్నది. విని నవ్వింది.

"ఆయన నవల రాస్తే నాకు తెలీదా? పొద్దస్తమానం ఆ పుస్తకాలు దులిపి మళ్లీ బీరువాలో పెట్టేవాడు. దులపడమే ఆయన రాసింది," అంది.

నేనూ నవ్వాను. కొంచెంసేపయ్యాక ఆవిడ మెల్లిగా, ఆయన పేరు మీద ఒక పుస్తకం ఉందని జనం అనుకుంటే నాకేం చెడ్డగా లేదమ్మా, నీకే కష్టం అంది. ఆవిడకని తీసుకెళ్లిన పళ్లు అరుగు మీద పెట్టి వచ్చేశాను.

విజయవాడ పురస్కారం నా పుస్తకానికి రాలేదు. వేరే నవలకు ఇచ్చారు. ఆ నవల నేనూ చదివాను. ఇవ్వాల్సిందే. దానికి నాకు బాధ లేదు. బాధంతా హైదరాబాదు దగ్గర. అదే ఉత్తరం వాళ్లకూ వెళ్లింది. వాళ్లు నన్ను అడగలేదు, పుస్తకాలు తెమ్మనలేదు, డిక్టేషన్ రాయమనలేదు. తుది జాబితా పేపర్లో వచ్చింది. అందులో నా పుస్తకం లేదు. ఫోన్ చేసి అడిగితే, ఎంపిక న్యాయనిర్ణేతలదండీ అని పెట్టేశారు. తీసేసిన కారణం ఎవరూ చెప్పకపోతే కాదని రుజువు చెయ్యడానికి దారి కూడా ఉండదని అప్పుడు అర్థమైంది. విజయవాడలో చేయి వణికినా సరే, ఆ అర పేజీ రాయడం ఎంత గౌరవమో తర్వాత తెలిసింది.

మొన్నామధ్య ఒంగోలులో ఒక సభకు వెళితే, ఎవరో పెద్దమనిషి భోజనాల దగ్గర పక్కకు పిలిచి, ఆ మాస్టారి నోటు పుస్తకాల గొడవేంటమ్మా అసలు అని అడిగారు. అడిగింది చెడ్డ ఉద్దేశంతో కాదు. తెలుసుకుందామని. మొత్తం చెప్పాను. విన్నారు, అవునా అన్నారు. నమ్మారో లేదో ఆయన మొహం చూస్తే తెలియలేదు. ఇంక ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

డి.టి.పి. భాయ్ దగ్గరికి మళ్లీ వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన, దాందేముంది మేడం అన్నారు. కాని ఇదివరకు నా పేజీలు కొడుతూ, ఈ పాత్ర చచ్చిపోద్దాండీ చివరికి అని అడుగుతూ ఉండేవారు. ఇప్పుడు అడగడం లేదు. చెప్పిన తేదీకి ఫైలు పంపిస్తారు. ఒక ఉత్తరం రాసినావిడ నా నుంచి ఏమేం తీసుకుందో లెక్క వేస్తే, అందులో ఈ ప్రశ్న కూడా ఉంది. దీనికి మాత్రం కారణం ఆవిడొక్కతే కాదు. ఆ రోజు ఆయన గది మెట్లెక్కింది నేను.

విచిత్రంగా థ్రిల్లర్ బాగా అమ్ముడుపోయింది. రెండో ముద్రణకు వచ్చింది. మిర్చి యార్డులో దిగుమతి చేసే కూలీలు కూడా ఒకరి నుంచి ఒకరు తీసుకుని చదివారని విన్నాను. రెండో ముద్రణకు ముందు ప్రచురణకర్త అంకితం ఉంచమంటారా అని అడిగారు. రెండు రోజులు టైమడిగి, ఉంచమన్నాను. రాసిననాడు అది నిజం. తర్వాత జరిగింది పుస్తకం తప్పు కాదు. మా ఆయనకు ఇది నచ్చలేదు. వారం రోజులు ముక్తసరిగా మాట్లాడారు.

ఇప్పుడు ఆరో నవల రాస్తున్నాను. కొత్త నోటు పుస్తకాలు కొన్నాను, లేబుళ్లు లేనివి. ఈ ఏడు పత్తికి పట్టిన గులాబీరంగు పురుగు, ఒక పురుగుమందుల కొట్టు, ఒక అబద్ధపు మరణవాంగ్మూలం, వీటి చుట్టూ కథ. సెలవు రోజు మధ్యాహ్నం మా ఆయన్ని కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను. ఆయన కళ్లు మూసుకుని వింటారు. బాగుందనిగాని, బాగాలేదనిగాని అనరు. మందు డబ్బా మూత అలా తిరగదు, ఎడమ వైపు తిరుగుతుంది, లాంటివి మాత్రం చెబుతారు. దిద్దుకుంటాను.

పోయిన ఆదివారం పదకొండో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అది మంచి వాక్యమో, ఏడిపించాలని రాసినదో నాకు తెలియలేదు. పదిసార్లు చదివాను. పైకి చదివాను. మా ఆయనకు వినిపించాను. ఆయన, నాకేం తెలుసు అన్నారు. ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆ నంబరు తీసెయ్యలేదు, అలాగే ఉంది. కాసేపు దాన్ని చూసి, ఫోను బోర్లించి పెట్టాను. వాక్యాన్ని ఉంచేశాను. మంచిదో కాదో తెలియకుండానే తర్వాతి పేరాలోకి వెళ్లాను.